బ్రాంట్ ‘మూర్ఖుల నావ’ ఉడ్‌కట్లు, 1494: ఎత్తిపొడుపు బొమ్మలో ఎక్కడుంది, దిమ్మ మీద ఎలా నిలిచింది

పాతపుట • 1
‘నారెన్‌షిఫ్’, అంటే మూర్ఖుల నావ, 1494లో కార్నివాల్ పండగ (ఉపవాస దినాలకు ముందు వేషాలు వేసుకునే పండగ) వేళకు, నేటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అచ్చయింది. రాసింది సెబాస్టియన్ బ్రాంట్, స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టి బాసెల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పినవాడు. అచ్చు వేయించింది యోహాన్ బెర్గ్‌మాన్ ఫొన్ ఓల్పె. మొత్తం 112 అధ్యాయాలు. ఒక్కో అధ్యాయం ఒక్కో రకం మూర్ఖుడి మీద. దాదాపు అన్నిటికీ బొమ్మలున్నాయి. 1495 ముద్రణలో ఇంకో రెండు అధ్యాయాలు చేరాయి.

ఈ బొమ్మల గురించి తెలుగులో వచ్చేవాటిలో ఎక్కువగా ‘పద్యాలకు వేసిన బొమ్మలు’ అనే మాటే కనిపిస్తుంది. నా దృష్టిలో అది తప్పు. ఎత్తిపొడవడం ఒక్క బొమ్మ పనీ కాదు, ఒక్క పద్యం పనీ కాదు, పేజీ మొత్తం కలిసి చేసే పని. కొలతలు చూడండి. పేజీ పైన మూడు పాదాల చిన్న సూక్తి. దాని కింద సుమారు 11.7 సెంటీమీటర్ల ఎత్తు, 8.5 సెంటీమీటర్ల వెడల్పున్న ఉడ్‌కట్, అంటే కొయ్య దిమ్మ మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ. దాని కింద అధ్యాయం పేరు, ఆ తర్వాత పద్యంలోని మొదటి నాలుగు పాదాలు. పేజీ తిప్పితే 30 పాదాలు. అందుకే చాలా అధ్యాయాలు సరిగ్గా 34 పాదాల దగ్గర ముగుస్తాయి. పెద్దవైతే 94, అంటే నాలుగు, ఆ తర్వాత మూడు పేజీలకు ముప్పయ్యేసి. కవి తోచినంత రాస్తే కంపోజిటర్ ఇరికించిన పుస్తకం కాదిది. పేజీని చూసుకుంటూ కవిత్వం కొలిచి రాశారు.

మొదటి అధ్యాయం బొమ్మనే తీసుకోండి, పనికిరాని పుస్తకాల గురించి. పండితుడి అంగీ వేసుకున్న మనిషి బల్ల ముందు కూర్చున్నాడు, ముక్కు మీద కళ్ళజోడు. చుట్టూ పుస్తకాలు, ముందొకటి తెరిచి ఉంది. చేతిలో కలం ఉంటుందనుకుంటాం, ఉన్నది ఈకల కుచ్చు. దాంతో పుస్తకాల మీది ఈగలు తోలుతున్నాడు. మూర్ఖుడి కుళ్ళాయి తల మీద లేదు, వెనక్కి జారి భుజాల మీద పడి ఉంది, గాడిద చెవులూ గజ్జెలతో సహా. పైనున్న సూక్తిలో మాట్లాడేది అతనే: నాట్యంలో ముందు నడిచే వంతు నాకే ఇచ్చారు, ఎందుకంటే నేను చదవని, నాకు అర్థం కాని పుస్తకాలు నా దగ్గర బోలెడున్నాయి అని. బొమ్మ ఒక్కటే చూస్తే శ్రద్ధగల పండితుడు. సూక్తి ఒక్కటే చదివితే ఒక ఒప్పుకోలు. రెండూ కలిస్తేనే ఆ ఈకల కుచ్చు గుచ్చుకుంటుంది.

లిపికారిణి • 2
పాతపుట గారూ, పేజీ లెక్క బాగా పట్టుకున్నారు. దానికి ఒకటి కలుపుతాను. బొమ్మ అతుక్కుని ఉండేది సూక్తికి, కింది పద్యానికి కాదు. చాలా అధ్యాయాల్లో పద్యం పురాణ, బైబిల్ ఉదాహరణల్లోకి వెళ్ళిపోతుంది, బొమ్మలో వాటి ఊసే ఉండదు. సూక్తిలోని సామెతను మాత్రం మాటకు మాటగా గీసేస్తారు. చిత్రకారుడి అసలు ఎత్తు అదే: వాడుకలో అరిగిపోయిన నానుడిని నిజంగా జరుగుతున్న పనిగా చూపించడం.

33వ అధ్యాయం వ్యభిచారం గురించి. జర్మన్‌లో ‘వేళ్ళ సందుల్లోంచి చూడడం’ అంటే మనం ‘చూసీ చూడనట్టు ఊరుకోవడం’ అనేదే. బొమ్మలో మొగుడు నిజంగానే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తుంటాడు. భార్య గడ్డిపరకతో అతని ముఖం దగ్గర ఆడిస్తుంటుంది. అది మభ్యపెట్టడానికి అప్పటి నానుడి. కింద పిల్లీ ఎలుకా. సూక్తి చివరి పాదం కూడా అదే: పిల్లి ఎలుకను చూసి తియ్యగా నవ్వుతుంది. మూడు పాదాల్లో ఉన్న నానుళ్ళన్నీ గదిలో సామాన్లలా పేర్చి పెట్టారు.

రెండో అధ్యాయంలో రాజసభలో గాలివాటుకు సలహాలిచ్చేవాళ్ళు పందిని కాగులోకి తోస్తుంటారు, అదీ నానుడే. 32లో పెళ్ళానికి కాపలా కాసే మొగుణ్ణి చూపడానికి ఒకడు ఎండలో మిడతలకు కాపలా కాస్తాడు, ఒకడు బావిలో నీళ్ళు పోస్తాడు. ఈ ఇంట్లో ఏమవుతోందో బొమ్మ చెప్పదు, ఆ కాపలా ఎంత వృథానో చెప్పి ఊరుకుంటుంది. నాకైతే పుస్తకం మొత్తంలో ఇదే మేలైన పద్ధతి అనిపిస్తుంది.

31 గురించి మాత్రం తెలుగులోకి తెచ్చేవాళ్ళు జాగ్రత్తపడాలి. పనిని వాయిదా వేసే మూర్ఖుడి మీద బొంతకాకులు వాలి ‘క్రాస్ క్రాస్’ అని అరుస్తుంటాయి. లాటిన్‌లో క్రాస్ అంటే ‘రేపు’. ‘కావ్ కావ్’ అని తెలుగు చేశారా, శ్లేష చచ్చిపోతుంది. ‘క్రాస్’ అని అలాగే ఉంచి ఒక్క ముక్కలో అర్థం చెప్పడమే దారి. కాకి అరుపు ఏ భాషలో ఏ మాటగా వినిపిస్తుందన్న దాని మీదే బొమ్మంతా నిలబడింది మరి.

అంకుడుచెక్క • 3
అక్కా, ఒక సందేహం. సూక్తి లేకపోతే బొమ్మ నడవదంటున్నారు. మరి చదువు రానివాళ్ళ సంగతేంటి? ఆ రోజుల్లో ఎక్కువమంది వాళ్ళే కదా.

లిపికారిణి • 4
బ్రాంట్ ముందుమాటలోనే దీనికి జవాబుంది. రాతను లెక్కచేయనివాళ్ళు, లేదా చదవడం రానివాళ్ళు, బొమ్మలో తమ స్వరూపం చూసుకోవచ్చు అంటాడు. ఈ పుస్తకాన్ని మూర్ఖుల అద్దం అని కూడా పిలుస్తాడు, ప్రతి మూర్ఖుడూ తనను తాను గుర్తుపట్టేది అని. చదువు రానివాడికి సామెత చదవనక్కర్లేదు, నోటి మీదే ఉంటుంది. వేళ్ళ సందుల్లోంచి చూసే మొగుణ్ణి చూడగానే నానుడి తనంతట తానే నోటికొస్తుంది. అందుకే గూఢమైన ప్రతీకలు తక్కువ, రోజూ నలిగే నానుళ్ళు ఎక్కువ. అయితే మొదటి అధ్యాయం లాంటివి సూక్తి లేకుండా సగమే అందుతాయి, అది ఒప్పుకోవాల్సిందే.

నీలిసిరా • 5
కుళ్ళాయి గురించి నాలుగు ముక్కలు. ఈ బొమ్మల్లో చదవడం రానివాడికైనా దారి చూపే గుర్తు అదే. పొడవాటి గాడిద చెవులు, వాటి కొసల్లో గజ్జెలు, కొన్నిటికి నడినెత్తిన కోడిజుట్టు లాంటి అంచు. ఇది బ్రాంట్ పుట్టించింది కాదు. అంతకు ముందే చేతిరాత కీర్తనల పుస్తకాల్లో మూర్ఖుడి బొమ్మ ఉండేది, ‘దేవుడు లేడని బుద్ధిహీనులు తమ హృదయములో అనుకొందురు’ అనే కీర్తన మొదలయ్యే పెద్ద అలంకారపు అక్షరం లోపల. కొలువుల్లో విదూషకుల వేషమూ, కార్నివాల్ వేషమూ ఉన్నవే. బాసెల్ చిత్రకారులు చేసిన కొత్త పని ఏంటంటే, ఆ వేషాన్ని వేషగాడి ఒంటి మీంచి తీసి వ్యాపారికీ, తండ్రికీ, పండితుడికీ, ముసలివాడికీ తొడిగారు.

కుళ్ళాయి ఎక్కడుందో కూడా చూడాలి. తల నిండా లాక్కున్నవాడు ఒక రకం, భుజాల మీదికి జార్చుకున్నవాడు ఇంకో రకం. మొదటి అధ్యాయం పండితుడు దాన్ని దాచుకున్నాననుకుంటున్నాడు, వెనకనుంచి చెవులు కనబడుతూనే ఉన్నాయి. కొన్ని బొమ్మల్లో తప్పు చేసేవాడికి కుళ్ళాయి ఉండదు, పక్కనుండి ఊరుకునేవాడికి ఉంటుంది. ఎవరి నెత్తిన ఉందో వెతికితే బ్రాంట్ ఎవరిని మందలిస్తున్నాడో దొరుకుతుంది. ఆరో అధ్యాయం పిల్లల పెంపకం మీద: జూదపు బల్ల దగ్గర ఇద్దరు కొడుకులు కత్తులు దూశారు, పక్కనే తండ్రి కళ్ళకు గంతలతో కూర్చున్నాడు. దెబ్బ తగిలేది తండ్రికి.

లిపికారిణి • 6
జర్మన్ మాట ‘నార్’ను మూర్ఖుడు అనాలా, వెర్రివాడు అనాలా, విదూషకుడు అనాలా అనేది ఇక్కడే తేలుతుంది. విదూషకుడు అంటే పాపం అన్న బరువు పోతుంది. వెర్రివాడు, పిచ్చివాడు అంటే అతని తప్పేమీ లేనట్టు వినబడుతుంది. బ్రాంట్ దృష్టిలో వీళ్ళు తెలిసీ చేసేవాళ్ళు. నీలిసిరా గారు చెప్పిన కీర్తనలో తెలుగు బైబిలు వాడిన ‘బుద్ధిహీనుడు’ అర్థానికి అన్నిటికంటే దగ్గర. అయితే శీర్షికలో ‘బుద్ధిహీనుల నావ’ నోట్లో తిరగదు. శీర్షికకు ‘మూర్ఖుల’, వివరణలో ‘బుద్ధిహీనుడు’ అంటే సరిపోతుందని నా అభిప్రాయం. ఇంకో మాట: ఆ మూడు పాదాల సూక్తిని కొందరు శతకంలో మకుటంతో పోలుస్తున్నారు. మకుటం మారదు, చివర వస్తుంది. ఇది ప్రతి అధ్యాయానికీ కొత్తది, ముందు వస్తుంది, చాలాసార్లు మూర్ఖుడి నోటితోనే లేదా అతని గురించే మాట్లాడుతుంది. పోలిక కుదరదు.

కొయ్యగీత • 7
ఇప్పుడు దిమ్మ దగ్గరికి వద్దాం. బొమ్మ ఇలా ఎందుకు కనిపిస్తుందో సగం చెక్కపనే చెబుతుంది.

గీసేవాడు వేరు, చెక్కేవాడు వేరు. జర్మన్ ఊళ్ళలో చెక్కేవాళ్ళను ఫార్మ్‌ష్నైడర్లు అనేవారు. కొయ్య ఎక్కువగా బేరి చెట్టుది. నార సన్నగా, అంతటా ఒకే గట్టితనంతో ఉంటుంది కాబట్టి. మానును అడ్డంగా కోసిన ముక్క కాదు, నిలువునా పలకగా కోసింది. అంటే నార బొమ్మ అడుగున ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుచుకుని ఉంటుంది. పలకను బాగా ఎండబెట్టి చిత్రిక పట్టి నున్నగా చేసి, పైన పలచటి తెల్లపూత వేసి, దాని మీద కలంతో బొమ్మ గీస్తారు. అచ్చులో తిరగబడుతుంది కాబట్టి గీసేటప్పుడే కుడి ఎడమలు మార్చుకోవాలి. బొమ్మలో అక్షరాలుంటే, ‘క్రాస్’ లాంటివి, ఉల్టాగా గీయాలి.

చెక్కడంలో పొరపాటంతా ఒక్క విషయంలో జరుగుతుంది. మనం గీతను చెక్కం. గీత చుట్టూ ఉన్న చెక్కను తీసేస్తాం, గీత గోడలా మిగులుతుంది. ఒక్కో గీతకు నాలుగు కోతలు: కత్తిని గీత నుంచి బయటికి వాల్చి ఒక కోత, దానికి ఎదురుగా ఇంకో కోత, రెండూ అడుగున కలిసి సన్నటి పుల్లలా చెక్క ఊడివస్తుంది. గీతకు రెండో వైపూ అంతే. గోడ పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉండాలి. కత్తి లోపలికి వాలిందా, గీత అడుగు సన్నబడి ప్రెస్సు కింద రెండు మూడు వందల కాగితాలకే విరుగుతుంది. గీతల మధ్య సందుకు ఒక మిల్లీమీటరు లోతు చాలు. ఆకాశం లాంటి ఖాళీలో మూడు నాలుగు మిల్లీమీటర్లు తీయాలి, లేకపోతే సిరా అద్దే తోలు బంతి మెత్తగా లోపలికి దిగి అడుక్కి అంటుకుంటుంది, కాగితం మీద మరకలు పడతాయి. ఖాళీలు తీయడానికి కత్తి కాదు, గుండ్రటి అంచున్న ఉలి.

నార దిక్కు ముఖ్యం. నార వెంట పోయే గీత బలంగా ఉంటుంది, కానీ చెక్కేటప్పుడు కత్తి నార పట్టుకుని జారిపోతుంది. నారకు అడ్డంగా పోయే సన్నటి గీత చెక్కడానికి లొంగుతుంది, తర్వాత పొడిపొడిగా రాలుతుంది. అందుకే ఈ కాలపు బొమ్మల్లో నీడలు ఒకే దిక్కుకు పోయే పొట్టి గీతల వరసలు. గీత మీద గీత అడ్డంగా వేసే జల్లి నీడ చాలా తక్కువ. కలంతో జల్లి వేయడం ఒక నిమిషం. చెక్కేవాడు ఆ జల్లిలోని ప్రతి చిన్న గడినీ విడివిడిగా తవ్వి తీయాలి.

దీని ఫలితం వ్యంగ్యం మీద కూడా పడింది. ముఖంలో సూక్ష్మమైన భావం చూపడం కష్టం కాబట్టి చేతులు, వస్తువులు, నిలబడ్డ తీరు మాట్లాడాలి. ఈకల కుచ్చు, గడ్డిపరక, కళ్ళగంతలు: అన్నీ బయటి గీతతోనే గుర్తుపట్టగలిగే వస్తువులు.

పాతపుట • 8
చివరి మాట చాలా విలువైనది. ఒక్క చేర్పు: దిమ్మనూ, టైపునూ (లోహపు అచ్చక్షరాలను) ఒకే ఫారంలో కూర్చి ఒకేసారి అచ్చువేశారు. అంటే దిమ్మ మందం టైపు ఎత్తుకు సరిపోవాలి.

కొయ్యగీత • 9
అవును, సుమారు 23, 24 మిల్లీమీటర్లు. దిమ్మ వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా దాని చుట్టుపక్కల టైపు వెలిసిపోయినట్టు పడుతుంది. తక్కువైతే బొమ్మ మధ్యలో తెల్ల మచ్చలు. తక్కువకు మందు ఉంది, దిమ్మ కింద కాగితం ముక్కలు పెట్టి లేపుతారు. ఎక్కువకు అడుగు చిత్రిక పట్టడం తప్ప దారి లేదు. కాగితం తడిపి వాడేవారు. తడి ఎక్కువైతే సిరా సరిగ్గా పట్టదు, తక్కువైతే గుడ్డపీచు కాగితం గట్టిగా ఉండి సన్న గీతలు పడవు. సిరా అంటే ఉడికించిన అవిసె నూనెలో దీపపు మసి. తోలు బంతులతో అద్దేవారు. టైపు కడిగే క్షారపు నీళ్ళతో దిమ్మనూ తడిపితే ఉబ్బి వంగుతుంది, ఎండాక నార వెంట పగులుతుంది.

బొమ్మకు పక్కన కనిపించే ఆకులల్లిన సన్నటి పట్టీలు వేరే దిమ్మలు. వాటిని పేజీ నుంచి పేజీకి మార్చి వాడారు. బొమ్మతో కలిపి చెక్కారనుకోకండి.

అంకుడుచెక్క • 10
అన్నా, ఒక బొమ్మను అసలు కొలతలోనే నకలు చెక్కి చూడాలంటే మన దగ్గర బేరి చెక్క దొరకదు. టేకు పనికొస్తుందా? పెడన కలంకారీ అచ్చులు టేకువే కదా.

కొయ్యగీత • 11
గుడ్డ మీద అద్దే అచ్చులో గీత మందంగా ఉంటుంది, రంగు ఎక్కువ పడుతుంది. అక్కడ టేకు నప్పుతుంది. ఇక్కడ నీడ గీతలు అర మిల్లీమీటరు కంటే సన్నం. టేకులో కంటికి కనిపించేంత రంధ్రాలుంటాయి, గీత సరిగ్గా రంధ్రం మీద పడితే తెగిపోతుంది. కొండపల్లి బొమ్మల పొనికి కర్ర మరీ మెత్తన, కత్తి అంచు దగ్గర నలిగి పీచు లేస్తుంది. ఏటికొప్పాక వాళ్ళు వాడే అంకుడు కర్ర మీ పేరులోనే ఉంది, దాన్నే ప్రయత్నించండి. నార సన్నన, తెల్లగా ఉండి గీసిన గీత స్పష్టంగా కనబడుతుంది. ఇబ్బంది ఒకటే, దుంగలు లావుగా దొరకవు. 8.5 సెంటీమీటర్ల వెడల్పుకు రెండు ముక్కలు అతకాల్సి రావచ్చు. అతుకు ముఖం మీదుగా పోకుండా, ఒక నిలువు గీత కిందుగా పోయేలా చూసుకోండి. రెండు ముక్కల నారా ఒకే దిక్కుకు ఉండాలి, లేకపోతే వానాకాలంలో అతుకు దగ్గర మెట్టు లేస్తుంది.

మొదటి ప్రయత్నానికి మొదటి అధ్యాయం ఎంచుకోకండి, పుస్తకాల అంచుల్లో సన్న గీతలు మరీ ఎక్కువ. కాకుల బొమ్మ మేలు. మనిషి పెద్దగా ఉంటాడు, కాకులు నల్లగా నిండుగా ఉంటాయి. చెక్కే వరస ఇది: ముందు ముఖం, చేతులు. తర్వాత అక్షరాలు. ఆపైన బట్టల మడతలు, నీడ గీతలు. బయటి చట్రం గీత ఆఖరున. పెద్ద ఖాళీలు అన్నీ అయ్యాకే తీయండి. ముందే తీస్తే చెయ్యి ఆనించడానికి చోటుండదు, సన్న గీతలకు పక్క ఆసరా కూడా పోతుంది.

పాతపుట • 12
ఇక అందరూ అడిగే ప్రశ్న: ఈ బొమ్మలు గీసింది ఎవరు? వీటిలో సుమారు మూడింట రెండు వంతులు తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ యువకుడిగా గీసినవని చాలామంది పండితుల మాట. ఆధారాలు: డ్యూరర్ 1492లో దేశాటనలో కొల్మార్ వెళ్ళాడు, చూడాలనుకున్న చిత్రకారుడు మార్టిన్ షోన్‌గావర్ అప్పటికే 1491లో పోయాడు. అక్కడినుంచి బాసెల్ చేరాడు. 1492లో బాసెల్‌లో నికొలాస్ కెస్లర్ అచ్చువేసిన సెయింట్ జెరోమ్ లేఖల ముఖచిత్రం దిమ్మ ఇంకా ఉంది, దాని వెనక డ్యూరర్ పేరు, ఊరు నూరెంబర్గ్ అని సిరాతో రాసి ఉంది. ప్రాచీన రోమన్ కవి టెరెన్స్ నాటకాల కోసం గీసి, చెక్కకుండా వదిలేసిన దిమ్మలు వందకు పైగా బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. చెక్కేవాడి కత్తి తగలకముందు గీత ఎలా ఉండేదో చూడాలంటే అవే దారి.

1493లో బాసెల్‌లోనే వచ్చిన ‘రిట్టర్ ఫొమ్ టుర్న్’ అనే నీతికథల పుస్తకం బొమ్మలనూ అతనికే ఆపాదిస్తారు. అందులో ఒక బొమ్మ మూర్ఖుల నావకు సొంత అక్కలాంటిది: అద్దం ముందు జుట్టు దువ్వుకుంటున్న స్త్రీకి అద్దంలో తన ముఖం కనబడదు, వెనకనున్న దెయ్యం పిర్రలు కనబడతాయి.

నీలిసిరా • 13
ఇక్కడ కొంచెం ఆగుదాం. నారెన్‌షిఫ్ బొమ్మల్లో ఒక్కదాని మీదా డ్యూరర్ సంతకం లేదు. ‘బాగున్నవి డ్యూరర్‌వి, బాగులేనివి వేరేవాళ్ళవి’ అని పంచుకోవడం నాకు నచ్చదు. ఒకే గీత మంచి కత్తికి ఒకలా, మొద్దు కత్తికి ఒకలా తేలుతుంది. కొన్ని బలహీనమైన బొమ్మల్లో తప్పు గీసినవాడిదో చెక్కినవాడిదో దిమ్మ చూస్తేగానీ చెప్పలేం, ఈ పుస్తకం దిమ్మలు మనముందు లేవు. ఐదో అధ్యాయంలో ఒక కాలు గోతిలో పెట్టుకుని కూడా మారని ముసలి మూర్ఖుడి బొమ్మలో ‘హైంట్స్ నార్’ అని రాసి ఉంటుంది. పేరు తెలియని రెండో చిత్రకారుణ్ణి పండితులు ఆ రాతను బట్టే పిలుస్తారు. ఎత్తిపొడుపులో ఆ బొమ్మ దేనికీ తీసిపోదు. గీత మొరటు, ఆలోచన పదును.

పాతపుట • 14
ఒప్పుకుంటాను, ఆలోచన విషయంలో. స్థలం చూపడంలో మాత్రం తేడా స్పష్టం. డ్యూరర్‌వని చెప్పే బొమ్మల్లో గది లోతు కనిపిస్తుంది, కిటికీ బయట కొండా చెట్టూ ఉంటాయి, మనిషి బరువు నేల మీద ఆనుతుంది. 13వ అధ్యాయంలో వీనస్ చేతి తాళ్ళకు మూర్ఖులూ కోతీ గాడిదా కట్టిపడి ఉంటారు, వెనకాల అస్థిపంజరం, పక్కన కళ్ళగంతల మన్మథుడు. అంతమందిని ఆ చిన్న చోటులో ఒకరి మీద ఒకరు పడకుండా నిలబెట్టడం తేలిక పని కాదు.

అంకుడుచెక్క • 15
స్కాన్లు చూస్తుంటే ఒకే బొమ్మ రెండు మూడు రకాలుగా ఉంది. ఒకదానిలో మనిషి కుడికి తిరిగి ఉన్నాడు, ఇంకోదానిలో ఎడమకు. అసలుది ఏదో ఎలా తెలుస్తుంది?

నీలిసిరా • 16
అదే 1494లో నూరెంబర్గ్, ర్యూట్లింగెన్, ఆగ్స్‌బర్గ్‌లలో అనుమతి లేకుండా అచ్చువేశారు. స్ట్రాస్‌బర్గ్‌లో ఏకంగా కొత్త పద్యాలు కలిపేశారు. 1499 ముద్రణలో బ్రాంట్ దీని మీద పద్యంలోనే నిరసన తెలిపాడు. నకలు చేసేవాడు అచ్చు కాగితాన్ని దిమ్మ మీద పెట్టి అలాగే దిద్దుకుంటే, అచ్చులో బొమ్మ తిరగబడుతుంది. పనివాడి కుడిచేయి ఎడమచేయి అవుతుంది. కానీ అక్షరాలు తిరగబడితే ఎవరైనా పట్టేస్తారు కాబట్టి వాటిని మాత్రం సరిచేసుకుంటాడు. మనుషులు తిరగబడి, అక్షరాలు సరిగ్గా ఉన్న బొమ్మ కనబడితే నకలు అనుకోవచ్చు.

తిరగబడకుండా చేసిన నకళ్ళకు వేరే పరీక్ష. కొలత చూడండి, సాధారణంగా తేడా వస్తుంది. నీడ గీతలు లెక్కపెట్టండి, ఒక మడతలో అసలులో తొమ్మిది గీతలుంటే నకలు చేసేవాడు ఆరుతో సరిపెడతాడు. అర్థం కాని వస్తువును తప్పుగా గీస్తాడు.

ఇక ఒకే దిమ్మతో వేసిన వేర్వేరు ముద్రణలను వరస పెట్టడానికి చట్రం గీత చూడాలి. అంచున ఉండే ఈ సన్న గీతకు ఒకవైపు ఆసరా ఉండదు, ముందు విరిగేది అదే. యాకోబ్ లోఖర్ లాటిన్ అనువాదం 1497లో బెర్గ్‌మానే వేశాడు, బాసెల్ దిమ్మలతోనే. 1494 ప్రతినీ లాటిన్ ప్రతినీ పక్కపక్కన పెట్టి అదే బొమ్మ చట్రం చూడండి. విరిగిన చోటు తర్వాత ముద్రణలో తిరిగి అతుక్కోదు. పెద్దదవుతుంది, లేదా కొత్తవి చేరతాయి. గుండ్రటి తెల్ల చుక్కలు పురుగు తొలిచినవి, తిన్నటి తెల్ల గీత నార వెంట పడిన పగులు. ఒక్క ప్రతిలోనే కనబడే లోపాన్ని నమ్మకండి, అది ఆ కాగితానికి సిరా అందకపోవడం కావచ్చు. కనీసం రెండు ప్రతుల్లో అదే చోట ఉంటేనే దిమ్మ లోపం.

లిపికారిణి • 17
మధ్యలో ఒక చిన్న మాట. ‘పిచ్చివాళ్ళను నిజంగా ఓడల్లో ఎక్కించి నదుల్లో వదిలేసేవారు, ఈ పుస్తకం దానికి సాక్ష్యం’ అని తరచూ రాస్తుంటారు. ఈ పుస్తకం అలాంటి సాక్ష్యం ఇవ్వదు. ముఖచిత్రం పై సగంలో ఉన్నది ఓడ కాదు, బండి. ముందుమాటలో ఇంతమందికి ఒక్క ఓడ చాలదని రకరకాల పడవలు, జారుబండ్లు, తోపుడుబండ్లు, అన్నీ ఏకరువు పెడతాడు బ్రాంట్. ఇది కార్నివాల్ ఊరేగింపు వాసన. వాళ్ళు వెళ్ళే దేశం పేరు కూడా కల్పనే, నారగోనియా. లోపలి అధ్యాయాల్లో ఎక్కువ బొమ్మల్లో నావ జాడే ఉండదు.

పాతపుట • 18
ఇక తర్వాతి కాలం గురించి క్లుప్తంగా. 1512లో తోమాస్ మూర్నర్ ‘నారెన్‌బెష్వోరుంగ్’ స్ట్రాస్‌బర్గ్‌లో వచ్చింది, మూర్ఖుల్ని భూతాల్లా వదిలించే పుస్తకం. బొమ్మలు చాలావరకు నారెన్‌షిఫ్ బొమ్మలే, పద్యాలు కొత్తవి. బొమ్మ సామెతకు అతుక్కుని ఉంటుందని పైన అన్నాం కదా, అందుకే కొత్త పద్యం కిందా పనిచేసింది. 1521లో చిత్రకారుడు లూకాస్ క్రానాక్ ‘పాసియొనాల్’, క్రీస్తు పక్కన పోపును పెట్టి చూపే పుస్తకం, వచ్చేసరికి పద్ధతే మారింది: 13 జతలు, 26 ఉడ్‌కట్లు. ఒక పేజీలో క్రీస్తు శిష్యుల పాదాలు కడుగుతాడు, ఎదురు పేజీలో పోపు పాదాన్ని ముద్దుపెట్టుకుంటారు. 1522లో మూర్నర్, పోపును ఎదిరించిన మార్టిన్ లూథర్ పక్షం మీద రాసిన పుస్తకంలో తన్ను తాను పిల్లి తల ఉన్న సన్యాసిగా చూపించుకున్నాడు. శత్రువులు పెట్టిన పిల్లి వెక్కిరింపునే తిరిగి వాళ్ళ మీదికి వదిలాడు. బ్రాంట్ నావలో కవి కూడా ఎక్కుతాడు, ఈ చివరి రెండు పుస్తకాల్లో వెక్కిరింత ఎప్పుడూ ఎదుటి పక్షంవాడి మీదే. నాకు మొదటిదే గొప్పది.

నీలిసిరా • 19
గొప్ప అనడంలో నాకు తేడా ఉంది. జత పేజీల ఎత్తు వేరే రకం నైపుణ్యం. అక్కడ నానుడి అక్కర్లేదు, కుళ్ళాయి అక్కర్లేదు, రెండు బొమ్మల మధ్య తేడాయే మాట. చదువు రానివాడికి సూక్తి లేకుండా అందుతుందా అని అంకుడుచెక్క గారు మూడో పోస్టులో అడిగారు. దానికి పూర్తి జవాబు బ్రాంట్ దగ్గర కాదు, క్రానాక్ దగ్గర దొరుకుతుంది.

కొయ్యగీత • 20
స్కాన్లు పోల్చేవాళ్ళకు ఇంకొక్క హెచ్చరిక. రంగులద్దిన ప్రతులతో చట్రం గీత పరీక్ష చేయకండి. రంగు అచ్చుతో వచ్చింది కాదు, తర్వాత కుంచెతో అద్దింది. అద్దినవాళ్ళు విరిగిన చట్రాన్ని కలంతో కలిపేయడం మామూలే. చిక్కటి రంగు కింద నీడ గీతలూ పురుగు చుక్కలూ మునిగిపోతాయి. కొన్ని పచ్చరంగులు రాగి వల్ల కాగితాన్నే తినేస్తాయి. వెనక పేజీలో గోధుమరంగు నీడ కనబడితే అది పగులు కాదు, రంగు దిగింది. రంగు లేని ప్రతిలో ముందు చట్రం నాలుగు అంచులూ చూసి విరుగుళ్ళు గుర్తుపెట్టుకోండి, తర్వాతే రంగుల ప్రతికి వెళ్ళండి.